తలూపే నీడలు

నీడలు మొదటిసారి ప్రభుత్వానికి జవాబు చెప్పిన రోజున ప్రయోగశాలలో మైసూర్‌పాక్ పంచారు. సత్యవేణి తన ముక్కను కాగితంలో చుట్టి బల్లమీదే పెట్టుకుంది, తినే తీరిక దొరకలేదు. ఎదురుగా తెరమీద పదకొండు వందల నలభై పేర్లున్నాయి. ఒక్కో పేరు పక్కన ఒక్కో చుక్క వెలుగుతోంది. సరే అంటే ఆకుపచ్చ, వద్దంటే ఎరుపు. తెర నిండా పచ్చిక మొలిచినట్టు ఆకుపచ్చ పరుచుకుపోయింది.

ఆ పేర్లలో ఏ ఒక్కటీ కల్పించింది కాదు. ప్రతి పేరు వెనకా ఎక్కడో ఒక ఊళ్లో నిజమైన మనిషి ఉన్నాడు. అతని ఇంట్లో మూడు వారాలపాటు, అతని అనుమతితోనే, అరచేతిలో ఇమిడే పెట్టె ఒకటి ఉంచారు. వంట చేసుకుంటూ మాట్లాడిన మాటలు, పక్కింటివాళ్లతో ఆడిపోసుకున్న మాటలు, మొగుడూ పెళ్లాల వాదులాటలు అన్నీ అది వింది. తర్వాత ప్రయోగశాల నుంచి ఒకరు వెళ్లి మూడు గంటలు కూర్చుని ప్రశ్నలు అడిగి వచ్చారు. ఆ రెండూ కలిపి యంత్రం ఆ మనిషికి ఒక నీడను తయారు చేసింది. మనిషి పొలంలో ఉంటాడు, నీడ ఇక్కడ ఉంటుంది. ప్రభుత్వం ఏదైనా తలపెడితే ముందుగా ఇక్కడికొచ్చి నీడలను అడుగుతుంది. నీ మాట, నీ కోపం, నీ బతుకు తెలిసిన నీడ నీ తరఫున జవాబిస్తుంది.

దీనికోసం సత్యవేణి తొమ్మిదేళ్లు పనిచేసింది. చిన్నప్పుడు తమ ఊరు దొండవలసలో క్వారీ కోసం పెట్టిన ప్రజాభిప్రాయ సభ ఆమెకింకా గుర్తుంది. షామియానా కింద ప్రెసిడెంటు తమ్ముడు, కంట్రాక్టరు బావమరిది, ఇంకో ఇద్దరు మైకు పట్టుకుని మాట్లాడారు. మిగతా ఊరంతా ఎండలో నిలబడి రిజిస్టరులో వేలిముద్ర వేసి ఇంటికి వెళ్లింది. గట్టిగా మాట్లాడగలిగినవాళ్లే ఊరు కాకూడదని ఆమె అప్పుడే అనుకుంది. నోరు లేనివాళ్ల మాట కూడా సర్కారు చెవిన పడే దారి ఒకటి వెతికింది. నీడలు ఆ వెతుకులాటలోంచి పుట్టాయి.

ఆ రోజు అడిగిన ప్రశ్న ఇది. కొండవార ఉన్న పదకొండు చిన్న ఆరోగ్య కేంద్రాల్లో కాన్పు గదులు మూసేసి, అన్ని కాన్పులూ పట్నంలోని పెద్దాసుపత్రిలోనే జరిగేలా చేస్తే ఒప్పుకుంటారా? ఆలోచన చెడ్డదేమీ కాదు. పట్నంలో ఇద్దరు డాక్టర్లున్నారు, రక్తం దొరుకుతుంది, ఆపరేషన్ గది ఉంది. చిన్న కేంద్రంలో ఒక నర్సు, ఒక మంచం, ఒక బల్బు తప్ప ఏమీ లేవు. నాలుగు నిమిషాల్లో లెక్క తేలింది. వెయ్యిన్ని ముప్పై ఒక్క నీడలు సరేనన్నాయి.

"చూశారా," అన్నాడు ఇంతియాజ్. యంత్రం లోపలి పనంతా అతనిదే. "మొట్టమొదటి చుక్క ఎవరిదో."

జాబితాలో పైనున్న పేరు అప్పలనరసమ్మ, ఆరోగ్య కార్యకర్త, దొండవలస. ఆమె సత్యవేణికి సొంత అక్క, ఊరి మాటలో అప్ప. తల్లి పోయాక జడలల్లి బడికి పంపిన అప్ప. యంత్రం తయారుచేసిన తొలి నీడ ఆమెదే, ఆ మూడు గంటల ప్రశ్నలూ సత్యవేణి స్వయంగా అడిగింది. ఊళ్లో కాన్పులన్నిటి దగ్గరా ఉండే మనిషి గనక వైద్యం విషయంలో ఆమె నీడ మాటకు నలభై మంది మాటంత బరువు ఇచ్చారు. ఆ చుక్క ఆకుపచ్చగా వెలగడం చూసి సత్యవేణి గుండె నిండింది.

మూడు నెలల్లో ఉత్తర్వు వచ్చింది. గదులకు తాళాలు పడ్డాయి.

ఆగస్టులో వానలు పట్టుకున్నాయి. ఒకరోజు మధ్యాహ్నం మీటింగులో ఉండగా నరసమ్మ ఫోను చేసింది. ఎప్పుడూ పనివేళల్లో చేయని మనిషి.

"సత్తీ, గౌరి బిడ్డ పోనాది," అంది, అంతే. ఫోనులో వాన చప్పుడు వినిపిస్తోంది.

మిగతాది మెల్లగా చెప్పింది. గౌరికి ఇరవై రెండేళ్లు, తొలిచూలు. పొద్దున్న పదింటికి నొప్పులు మొదలయ్యాయి. ఫోను చేస్తే అంబులెన్సు బండి వచ్చింది, కానీ నల్లగెడ్డ వాగు అవతలే ఆగిపోయింది. చప్టా మీంచి నడుము లోతు నీళ్లు పోతున్నాయి. తగ్గుతాయేమోనని చూశారు, తగ్గలేదు. ఆఖరికి నలుగురు మగాళ్లు గౌరిని డోలీ కట్టి, భుజాలమీద మోసి అవతలి ఒడ్డుకు చేర్చారు. పన్నెండింటికి బిడ్డ ఆ ఒడ్డునే, వానలో పుట్టింది. మెడకు పేగు చుట్టుకుని ఉంది. ఏడవలేదు. మూసేసిన కాన్పు గది గౌరి ఇంటికి వంద గజాల దూరం.

"అలాంటివి నాను ఎన్ని సూసినానో నీకు తెలుసు," అంది నరసమ్మ. "మంచం మీద ఉంతే పేగు తప్పించి తీసీదాన్ని. నీళ్లల్లో నా సేతులు ఆడనేదే."

ఆదివారం సత్యవేణి దొండవలస వెళ్లింది. పంచాయతీ ఆఫీసు గోడకు అంటించిన కాగితం వానకు చీకిపోయినా పేర్లు కనపడుతూనే ఉన్నాయి. నిర్ణయానికి ఎవరెవరు ఒప్పుకున్నారో జనానికి తెలియాలని ప్రయోగశాలే పెట్టిన నిబంధన అది. మొదటి పేరు అప్పలనరసమ్మది. ఆ పేరుమీద ఎవరో బొగ్గుతో గీత గీశారు.

నరసమ్మ అరుగుమీద కూర్చుని చేటలో చోళ్లు చెరుగుతోంది. చెల్లెల్ని చూసి లేవలేదు. "కూకో," అంది.

"ఎవరూ పలకడం లేదా, అప్పా?"

"గౌరి అత్త నన్ను గుమ్మంలోకి రానీలేదు. బాలింతని సూడ్డానికెల్తే తలుపేసింది. నీ సంతకంతోనే కదే మా పిల్ల పోనాది అంది. నాను ఏ కాయితం మీదా సంతకం ఎట్నేదు అంతే ఎవులు నమ్ముతారు. పేరు గోడమీదుంది."

సత్యవేణి ఎంత వద్దనుకున్నా ఆ మాట అననే అంది. "నేను అడిగినప్పుడు నువ్వు సరేనన్నావు. రికార్డింగు ఉంది. బండి వస్తే పట్నం వెళ్లడానికి ఇబ్బందేమైనా ఉందా అంటే, ఏటీ నేదు అన్నావు."

"అన్నాను." నరసమ్మ చేట కింద పెట్టింది. "నువ్వు మెడలో గవుర్మెంటు కార్డు ఏసుకుని ఇక్కడే కూసున్నావు. మొదాటే ఏటన్నావు? నేను ప్రభుత్వం తరఫున అడుగుతున్నాను అన్నావు. నా సెల్లి అలగ మాటాడతాదేటని ముందు నవ్వొచ్చింది. తరవాత బయ్యమేసింది. గవుర్మెంటు అడిగితే ఎవులన్నా కాదంతారేటి, సత్తీ? సిన్నప్పట్నించీ ఎవులం అన్నాము గనక? పైన నువ్వు ఏళ్లకేళ్లు కూసుని కనిపెట్టినది. కాదంతే నీ ఉజ్జోగానికి ఏటవుద్దో అనుకున్నాను."

"మరి నీకు లోపల ఏమనిపించింది?"

"అది నువ్వడిగినావేటి?"

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుని సత్యవేణి ఆ వాక్యాన్నే తలచుకుంది. నేను ప్రభుత్వం తరఫున అడుగుతున్నాను. అది న్యాయ విభాగం పెట్టమన్న వాక్యం. ఎవరు అడుగుతున్నారో చెప్పకుండా ప్రశ్నించడం మోసమవుతుందని వాళ్లన్నారు, నిజమేనని తనూ ఒప్పుకుంది. మనుషులతో మాట్లాడినప్పుడే కాదు, యంత్రంలో నీడలను ఏ ప్రశ్న అడిగినా దానికి ముందు ఆ వాక్యం దానంతటదే వెళుతుంది. నిజాయితీ కోసం చేర్చిన మాట అది.

మర్నాడు ఉదయం ఇంతియాజ్‌ను పక్కకు పిలిచింది. "నీడలకు అడిగేవాళ్లెవరో ఎలా తెలుస్తుంది?"

"ఆ వాక్యంతోనే మేడమ్. అడిగే మనిషిని బట్టే కదా మనం మాట్లాడేది, అందుకని దానికో గడి పెట్టాను. ప్రభుత్వం అని నింపి వదిలేశాను. మార్చాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు."

"ఇప్పుడు మార్చు. పక్కింటి మనిషి అని పెట్టు. అదే ప్రశ్న, అక్షరం మారకూడదు."

ఇంతియాజ్ మార్చాడు. నాలుగు నిమిషాలు ఇద్దరూ నిలబడే చూశారు. తెర ఎర్రబడింది. సరేనన్న నీడలు రెండు వందల పన్నెండు మాత్రమే మిగిలాయి.

సత్యవేణి మొదటి పేరు తాకి, గొంతు వినిపించమంది. గదిలో అప్ప గొంతు పలికింది, పెరట్లో నిలబడి గోడ అవతలి మనిషితో మాట్లాడుతున్నట్టు. "పట్నం ఎల్లమంతారా? గెడ్డ పొంగితే ఎలగెల్తామే? ఆ బళ్లు సప్టా దాటవు. డాట్రు అక్కడుంతే మనకేటి, మనం ఇక్కడుంతాం గదా. ఆ గది ముయ్యకూడదు. ముయ్యాలంతే ముందల వంతెన కట్టమను."

ఇంతియాజ్ కుర్చీలో కూలబడ్డాడు. "దీనికి అన్నీ తెలుసు," అన్నాడు.

"మొదటినుంచీ తెలుసు," అంది సత్యవేణి. "మనుషుల్ని అంత బాగా నేర్చుకుంది. ఇంట్లో ఎలా ఉంటారో, ఆఫీసరు ముందు ఎలా తలూపుతారో రెండూ నేర్చుకుంది. మనం ఆఫీసరుగానే అడిగాం. అది మర్యాదగా తలూపింది."

విధానాల శాఖ కార్యదర్శి మాలతీదేవి ఆ వారమే ప్రయోగశాలకు వచ్చారు. నీడలను రాష్ట్రమంతా పెట్టాలన్న ప్రతిపాదన ఆమె దగ్గరే ఉంది. ముప్పై ఏళ్ల సర్వీసు, నెమ్మదిగా మాట్లాడే మనిషి. సత్యవేణి రెండు తెరలూ పక్కపక్కన పెట్టి చూపించింది. గౌరి సంగతి కూడా చెప్పింది.

మాలతీదేవి రెండు తెరల వంకా చూసి అన్నారు, "చెత్త యార్డు గురించి ఇలాగే అడగండి." అడిగితే ఎరుపు. "ఇంటి పన్ను?" ఎరుపే. "కొత్త రోడ్డుకు స్థలం?" ఎరుపు, మధ్యలో బూతులు కూడా.

"పక్కింటివాళ్ల దగ్గర అందరూ అన్నీ వద్దంటారు," అన్నారామె. "మా ముందు అన్నీ సరేనంటారు. ఇందులో ఏది జనం మాట, సత్యవేణి గారూ? ఏది విని నేను సంతకం పెట్టాలి?"

"రెండూ వాళ్ల మాటలేనండి. మనం ఇన్నాళ్లూ ఒకటే విన్నాం."

"న్యాయమే." ఆమె ఎర్రటి తెర వంకే చూస్తున్నారు. "నిజం చెప్పాలంటే ఈ రెండోది మొదటిదానికన్నా విలువైనది. ఏ ఊళ్లో ఎవరు, ఎందుకు వద్దంటారో పేరుతో సహా ముందే తెలిసిపోతుంది. వాళ్లతో ముందుగానే మాట్లాడుకోవచ్చు."

"మాట్లాడుకోవడమంటేనండి?"

"మాట్లాడుకోవడమే. ఒక్కొక్కరితో ఒక్కోలా మాట్లాడాల్సి ఉంటుంది." ఆ మాటలో బెదిరింపేమీ లేదు. రేపు వర్షం పడొచ్చన్నంత మామూలుగా అన్నారు. "ప్రతిపాదన మార్చి పంపండి. రెండు పద్ధతులూ ఉండనివ్వండి."

ఆమె వెళ్లిపోయాక సత్యవేణి కిటికీ దగ్గర నిలబడింది. కింద సముద్రం మీద పడవలు తిరిగొస్తున్నాయి. నోరు లేనివాళ్లకు నోరిద్దామనుకుంది తను. ఇప్పుడు వాళ్లు పెరట్లో గుసగుసగా అనుకున్నది కూడా పేరూ ఊరూతో సహా ఒక బల్లమీదికి చేరబోతోంది. ఆ బల్ల వెనక మాలతీదేవి లాంటి మనిషే ఎప్పుడూ కూర్చుంటుందని ఎవరు చెప్పగలరు?

"నిబంధనల్లో పద్నాలుగోది గుర్తుందా?" అని ఇంతియాజ్‌ను అడిగింది.

గుర్తుంది. ఎవరి నీడను వాళ్లు ఎప్పుడైనా తీసేసుకోవచ్చు, మనిషి స్వయంగా వేలిముద్ర వేస్తే చాలు. ఒక ఊళ్లో సగానికి మించి నీడలు పోతే, ఆ ఊరికి సంబంధించిన నిర్ణయం కోసం బాధ్యత గల అధికారి మళ్లీ స్వయంగా వచ్చి సభ పెట్టాలి. మొదట్లో ఇద్దరూ కలిసి రాసిన నియమమది. ఎవరూ వాడుకోలేదు.

"ఒక ఊరు మొదలుపెడితే మిగతావి ఊరుకోవు, మేడమ్," అన్నాడతను. "మన తొమ్మిదేళ్లు."

"తెలుసు," అంది.

సెలవు పెట్టి దొండవలస వెళ్లింది. అప్పకు సంగతంతా చెప్పి, వేలిముద్ర వేసే పలక చేతికిచ్చింది. నరసమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నానొక్కదాన్నీ ఏస్తే ఏటవుద్ది?"

"ఊళ్లో తొంభై ఆరు నీడలున్నాయి. నలభై తొమ్మిది మంది వేయాలి."

"అయితే ముందల గౌరి ఇంటికెల్దాం."

గౌరి అత్త తలుపు తీసి, నరసమ్మను చూసి వేయబోయింది. సత్యవేణి ప్రాధేయపడింది. రెండు నిమిషాలు, ఒక మాట వినండి చాలు అంది. గుమ్మంలోనే నిలబడి, అప్ప అనుమతి తీసుకుని, ఆమె నీడ గొంతు వినిపించింది. గెడ్డ పొంగితే ఎలగెల్తామే, ఆ గది ముయ్యకూడదు. లోపల మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న గౌరి మెల్లగా ఇటు తిరిగింది. చివరిదాకా విని లేచి వచ్చింది.

"ఇది ఎప్పుడన్నావు, పిన్నీ?"

"గది మూయకముందే," అంది సత్యవేణి. "ఇంట్లో అనుకున్న మాటల్లోంచి యంత్రం కూర్చింది."

గౌరి నరసమ్మ ముఖంలోకి చూసింది. "ఇంట్లో ఇంత గట్టిగా సెప్పినావు. బయట సెప్పనేకపోనావా?"

నరసమ్మ తల దించుకుంది. ఆ ప్రశ్న సత్యవేణికి కూడా తగిలింది. పలక ఎందుకో ఆమె చెబితే, గౌరి దాన్ని తీసుకుని వేలు పెట్టింది. తర్వాత కొంగు బిగించి వాళ్లతో పాటు బయల్దేరింది. బాలింతవి, తిరక్కూడదు అని అత్త అంటున్నా వినలేదు. ఆమె ముందు నడుస్తుంటే ఏ ఇంటివాళ్లూ తలుపు వేయలేకపోయారు. రెండు రోజుల్లో డెబ్బై మూడు వేలిముద్రలు పడ్డాయి.

సభ సెప్టెంబరు రెండోవారంలో, బడి వరండాలో పెట్టారు. పదకొండింటికి మొదలవ్వాలి. ఊరు పదిన్నరకే వచ్చి కూర్చుంది. మాలతీదేవి వచ్చేసరికి రెండయింది. ఆలస్యానికి క్షమించమన్నారు, కుర్చీ వద్దని అందరికీ ఎదురుగా చాపమీదే కూర్చున్నారు. పెద్దాసుపత్రిలో ఎన్ని సౌకర్యాలున్నాయో, చిన్న గదిలో ఎంత ప్రమాదమో ఓపికగా చెప్పారు. "ఇందులో మీకేమైనా ఇబ్బంది ఉంటే నిర్భయంగా చెప్పండి," అన్నారు.

ఊరు తలూపింది. ముసలాళ్లు, ఆడవాళ్లు, వేలిముద్ర వేసిన డెబ్బై ముగ్గురు కూడా మెల్లగా, మర్యాదగా తలూపారు. వెనక నిలబడ్డ సత్యవేణికి తెరమీది ఆకుపచ్చ చుక్కలే ఎదురుగా ప్రాణంతో కూర్చున్నట్టు తోచింది.

నరసమ్మ లేచింది. నోరు తెరిచింది. చీర చెంగు నలుపుకుంటూ నిలబడి, మళ్లీ కూర్చుండిపోయింది.

అప్పుడు గౌరి లేచింది. ఆమె చెప్పడానికి లేవలేదు, అడగడానికి లేచింది. "అమ్మా, తమరు ఏ దారంట వొచ్చినారు?"

మాలతీదేవి కొంచెం ఆశ్చర్యపోయి, నిజమే చెప్పారు. "నల్లగెడ్డ దగ్గర చప్టా మునిగిందమ్మా. కారు దాటలేదు. వెనక్కెళ్లి చుట్టూ తిరిగి వచ్చాం."

"ఎంతసేపు పట్టింది?"

"మూడు గంటల పైనే."

"నాకు రెండు గంటలే ఉన్నాది," అంది గౌరి.

మాలతీదేవి చేతిలోని కాగితాలు ఒళ్లో పెట్టుకున్నారు. మొదటిసారి ఎవరినో ప్రత్యేకంగా అడుగుతున్నట్టు, "నీ పేరేమిటమ్మా?" అన్నారు. గౌరి చెప్పింది. ఆమె స్వయంగా రాసుకున్నారు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు లేచారు. వంతెన ఎప్పుడు కడతారు? బండి డ్రైవరు ఫోను ఎత్తకపోతే ఎవరికి చెప్పాలి? నర్సును ఎందుకు మార్చేశారు? నరసమ్మ కూడా ఈసారి నిలబడి, మంచం దగ్గర ఏమేం మందులుండాలో వేళ్లు మడిచి చెప్పింది. సాయంత్రం ఐదున్నర దాకా నడిచింది సభ.

ఇరవై రెండు రోజులకు గది తెరిచారు. మిగతా పదీ తెరవలేదు, ఆ ఊళ్లు కూడా అడిగితే చూద్దామన్నారు. రాష్ట్రమంతా నీడలు పెట్టే ప్రతిపాదనను మాలతీదేవి వెనక్కి పంపారు. రద్దు చేయలేదు, పక్కన పెట్టారు. ఆమె తర్వాత వచ్చేవాళ్లు దాన్ని మళ్లీ తీయవచ్చునని సత్యవేణికి తెలుసు.

ఇంతియాజ్ ఒకరోజు ఉత్సాహంగా వచ్చాడు. "మన పొరపాటు తెలిసింది మేడమ్. నీడలకు జవాబు చెప్పడమే నేర్పాం. గౌరి చేసింది వేరు, ఆమె ఎదురు ప్రశ్న వేసింది. దాన్ని కూడా నేర్పవచ్చు. ఆర్నెల్లు చాలు."

సత్యవేణి ఆలోచించింది. అతను చేయగలడు, అందులో సందేహం లేదు. "నేర్పితే అవీ అడుగుతాయి," అంది. "అప్పుడు ఇక గౌరి రానక్కర్లేదు అంటారు."

ఆమె ఆ నెలాఖరుకే రాజీనామా చేసింది. ప్రయోగశాలవాళ్లు మంచిగానే సాగనంపారు. ఇప్పుడు కొండవార ఊళ్లలో ఎక్కడ సభ జరిగినా రెండు రోజుల ముందే వెళుతుంది. సభలో ఎవరేం చెప్పాలో ఆమె నేర్పదు. ఇంటింటికీ వెళ్లి, ఆఫీసరు వస్తే మీరేం అడుగుతారు అని మాత్రం అడిగి, వాళ్ల మాటల్లోనే ఒక పుస్తకంలో రాస్తుంది. సభలో దాన్ని వాళ్లే చదువుతారు, చదువురాకపోతే పక్కవాళ్లు చదివి పెడతారు.

మొన్న ఒక ఊళ్లో చివరి ఇంటి ముందు ఒక ముసలాయన వల అల్లుకుంటూ కనిపించాడు. ఆమె వచ్చిన పని చెబితే, చేతిలో దారం అలాగే పట్టుకుని ఆమె ముఖంలోకి చూశాడు.

"నన్నా? నాను అడగాలా?"

"మీరే తాతా. ఏదైనా సరే."

ఆయన వల పక్కన పెట్టాడు. అరుగుమీద దుమ్ము తుండుతో దులిపాడు.

"అయితే కూకోమ్మా," అన్నాడు. "సేనాసేపు పడతాది."